ఒక హెచ్చరిక పత్రం – గుణదోష విచారణ

హెచ్చరిక కూడ ఒక రచనయే. చదివినవాడు ప్రమాదాన్ని సరిగా అంచనా వేసి, చేయవలసిన పనిని వేళకు చేయగలిగినప్పుడే అట్టి రచన సఫలమైనదని చెప్పవచ్చును. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లలో లోపం బయటపడినప్పుడు తయారీదారులు వెలువరించే భద్రతా హెచ్చరికలను ఎవరూ రచనలుగా భావించి విమర్శించరు. అవి నిపుణులు నిపుణుల కొరకు వ్రాసుకొనే పొడిమాటలని వదిలివేస్తారు. కాని ఆ పొడిమాటలపై ఆసుపత్రులు, బ్యాంకులు, కర్మాగారాలు, విశ్వవిద్యాలయాలు ఆధారపడి ఉన్నవి. కాబట్టి వాటి గుణదోషాలను విచారించుట విజ్ఞాన విద్యార్థికి తగిన పనియే.

అమెరికాకు చెందిన వీఎంవేర్ సంస్థ 2021 ఫిబ్రవరి 23న ఇట్టి హెచ్చరిక పత్రం ఒకటి ప్రకటించినది. దానిలో పేర్కొన్న లోపాలలో ఒకటి సీవీఈ-2021-21974. సర్వర్ల మీద నడిచే ఈఎస్ఎక్స్ఐ అను సాఫ్ట్‌వేర్‌లోనిది ఈ లోపం. దీనివలన బయటివాడు దూరాన ఉండియే, సంకేతపదం లేకుండానే, తన ఆదేశాలను ఆ యంత్రంలో నడిపించగలడు. లోపాన్ని పూడ్చే సవరణను కూడ సంస్థ ఆనాడే ఇచ్చినది. అయినను దాదాపు రెండేళ్ళ తరువాత, 2023 ఫిబ్రవరి తొలివారంలో, ప్రపంచమంతటా ఈఎస్ఎక్స్ఐ సర్వర్లపై పెద్ద దాడి జరిగినది. 3,800కు పైగా సర్వర్లు దెబ్బతిన్నవని అమెరికా ప్రభుత్వ సంస్థలు ఆ నెల 8న వెల్లడించినవి. మందు చేతిలో ఉండగా రోగం ప్రబలినది. రోగి మందు తీసుకోలేదని చెప్పి విషయం ముగించవచ్చునా? మందుచీటీ ఎట్లున్నదో కూడ చూడవలదా?

సత్యవేడుకు ఈ విషయంతో ఏమి పని అని ఉపాధ్యాయులు అడుగవచ్చును. తమిళనాడు సరిహద్దున ఉన్న ఈ ప్రాంతం ఒకప్పుడు చెరువుల కింది వ్యవసాయానికే పరిమితం. 2008లో ఇక్కడ శ్రీసిటీ పారిశ్రామిక నగరం ప్రారంభమైనది. 2013లో అక్కడే ఐఐఐటీ నెలకొన్నది. నేడు ఈ పరిసరాల ఉన్నత పాఠశాలల్లో చదివే పిల్లలలో కొందరైనా రేపు ఏదో ఒక సంస్థలో సర్వర్ల బాధ్యత వహిస్తారు. ఇట్టి హెచ్చరికను చదివి, ఈ రాత్రికే యంత్రాన్ని ఆపవలెనా, వచ్చే నెల వరకు ఆగవచ్చునా అని తేల్చవలసినవారు వారే. తెలుగువారికి ఇట్టి నష్టం వినని సంగతి కూడ కాదు. 2019 వేసవిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లపై దాడి జరిగి, దుండగులు సొమ్ము కోరినట్లు పత్రికలలో వచ్చినది. అది ఇప్పుడు చెప్పుకొనే లోపం వలన జరిగినది కాదు. అయినను కంప్యూటర్ తాళాలు పరుల చేతికి చిక్కితే సామాన్యుని కరెంటు బిల్లు కూడ ఆగిపోగలదని దానితో అందరికీ తెలిసినది.

కల్పిత యంత్రం అనగా నేమి?

పెద్ద సర్వర్ ఒకటి కొని, దానిలో ఒకే పని నడిపితే దాని శక్తిలో అధికభాగం వృథా అవుతుంది. అందుచేత ఒకే యంత్రాన్ని సాఫ్ట్‌వేర్ సహాయంతో అనేక యంత్రాలుగా కనబడేటట్లు చేస్తారు. ఇట్లు కనబడే ఒక్కొక్క దానిని వర్చువల్ మెషీన్ అంటారు. కల్పిత యంత్రమని తెలుగు చేసుకోవచ్చును. ఒక కల్పిత యంత్రంలో జీతాల లెక్క, మరొకదానిలో సరుకుల ఖాతా, ఇంకొకదానిలో వెబ్‌సైటు నడుస్తుండవచ్చును. దేనికది తానొక్కతే ఆ యంత్రానికి యజమానురాలిననుకొంటుంది. వీటన్నిటికీ కింద ఉండి, ప్రాసెసర్ కాలాన్ని, మెమరీని, డిస్కును పంచిపెట్టే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. ఈఎస్ఎక్స్ఐ అట్టి హైపర్‌వైజర్.

చిత్తూరు సీమలో చెరువు కింద నీరు పారించే నీరుగంటిని ఎరిగినవారికి ఇది తేలికగా అర్థమవుతుంది. చెరువు ఒక్కటి, ఆయకట్టు రైతులు పలువురు. ఏ మడికి ఎంతసేపు నీరు వదలవలెనో నీరుగంటి చూస్తాడు. ఒకరి నీరు మరొకరి మడిలోకి పోకుండా కాపాడుతాడు. రైతు తన మడి గట్టును చూచుకొంటే చాలును. తూము సంగతి నీరుగంటిది. మడి గట్టు తెగితే ఒక రైతు నష్టపడతాడు. తూము దుండగుని చేత చిక్కితే ఆయకట్టు అంతా నష్టపడుతుంది.

పోపెక్, గోల్డ్‌బర్గ్ అను ఇద్దరు శాస్త్రవేత్తలు 1974లో కల్పిత యంత్రాలకు ఉండవలసిన లక్షణాలను సూత్రబద్ధం చేసినారు. కల్పిత యంత్రంలో నడిచే ప్రోగ్రాము నిజ యంత్రంలో నడిచినట్లే నడవాలి. దానిలోని ఆదేశాలలో అధికభాగం నేరుగా ప్రాసెసర్ మీదనే నడిచి, వేగం తగ్గకుండా ఉండాలి. వనరులన్నిటిపై పూర్తి అదుపు పర్యవేక్షక ప్రోగ్రాముదే కావాలి. ఈ చివరి లక్షణమే మనకు ముఖ్యం. హైపర్‌వైజర్‌లో పరుని ఆదేశం నడిచిన క్షణాన ఆ అదుపు చేయి మారుతుంది. లోపలి కల్పిత యంత్రాలలో ఎంత గట్టి తాళాలు వేసినా, అవి ఉన్న డిస్కు ఫైళ్ళే అతనికి దక్కుతవి. ఈ లోపం తీవ్రత ఇందులోనే ఉన్నది.

లోపం ఎట్టిది?

ఈఎస్ఎక్స్ఐలో ఓపెన్ ఎస్ఎల్‌పీ అను చిన్న సేవ ఒకటి ఉండేది. నెట్‌వర్కులో ఏ సేవ ఎక్కడ దొరుకుతుందో చాటిచెప్పుట దాని పని. ఊరిలో దండోరా వేసినట్లే ఇది. ఇది 427వ పోర్టు వద్ద వింటూ ఉంటుంది. సర్వర్ ఫ్యాన్లు, డిస్కులు, విద్యుత్ సరఫరా సరిగా ఉన్నవా అని పరీక్షించే కొన్ని పర్యవేక్షక సాధనాలు ఆ సర్వర్‌ను కనుగొనుటకు ఈ సేవను వాడుకొనేవి. చాలచోట్ల దీని అవసరమే ఉండదు. అవసరమున్నా లేకున్నా ఇది మాత్రం నడుస్తూనే ఉండేది.

బయటినుండి వచ్చే సందేశంలోని ఒక చిరునామాను ఈ సేవ విడదీసి చదువుతుంది. సీ భాషలో వ్రాసిన ప్రోగ్రాములలో అక్షరాల వరుస చివర సున్న విలువగల ఒక గుర్తు ఉండాలి. అదే వాక్యానికి పూర్ణవిరామం వంటిది. వచ్చిన చిరునామా చివర ఆ గుర్తు ఉన్నదో లేదో చూడకుండానే, ప్రోగ్రాము దానిలో ఒక చిహ్నం కొరకు వెదకసాగేది. దుండగుడు చిహ్నాన్ని, ముగింపు గుర్తును రెండింటినీ ఎగవేసి సందేశం పంపితే వెదకులాట ఆ చిరునామా హద్దు దాటి, పక్కనున్న మెమరీలోకి పోతుంది. అక్కడెక్కడో ఆ చిహ్నం కనబడితే అంతవరకు అంతా చిరునామాయే అని ప్రోగ్రాము భ్రమపడుతుంది. ఆ పొడవునంతా చిన్న తావులోకి నకలు చేస్తుంది. శేరు పట్టే పాత్రలో కుంచెడు పోసినట్లు, మిగిలినది పొర్లి పక్కనున్న సమాచారాన్ని చెరుపుతుంది. చెరిగిన చోట ప్రోగ్రాము తరువాత ఎక్కడికి పోవలెనో తెలిపే సంఖ్య ఉన్నదనుకొందాం. పొర్లినదానిని నేర్పుగా కూర్చినవాడు ఆ సంఖ్యను తనకు కావలసినట్లు మార్చగలడు. ఇక ప్రోగ్రాము అతడు చెప్పిన దారిన నడుస్తుంది. వచ్చిన మాటను కొలిచి చూడకుండా నమ్ముటయే ఇందలి దోషం.

పత్రంలోని గుణాలు

మొదట మంచిని చెప్పవలెను. 2021 నాటి పత్రం లోపాన్ని దాచలేదు. ఏ రూపాలకు ప్రమాదమో (6.5, 6.7, 7.0), ఏ సవరణ వేసుకోవలెనో పట్టికలో విడివిడిగా చూపినది. వెంటనే సవరణ వేయలేనివారికి తాత్కాలిక ఉపాయాన్ని తెలిపే మరొక సూచనపత్రం సంఖ్యను ఇచ్చినది. లోపాన్ని కనిపెట్టి తెలిపిన పరిశోధకునికి కృతజ్ఞత చెప్పినది. భయపెట్టే పేర్లు, అలంకారాలు లేవు. 2015లో క్యూఈఎంయూ అను మరొక సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాపీ డిస్కు భాగంలో బయటపడిన లోపానికి విషమనే అర్థంగల ఆంగ్లనామం పెట్టి, ప్రత్యేక చిహ్నం కూడ తయారుచేసినారు. అట్టి ఆర్భాటంతో పోల్చితే ఈ పత్రం నిరాడంబరమైనది. శాస్త్ర రచనకు ఈ నిగ్రహం అవసరమే.

మొదటి దోషం: అంకె కనబడినది, షరతు మరుగుపడినది

ఈ లోపం తీవ్రతకు పత్రం ఇచ్చిన అంకె 10కి 8.8. తరగతి ‘ముఖ్యం’, దానికి పైన ‘అతి తీవ్రం’ అను తరగతి ఉన్నది. అది 9.0తో మొదలవుతుంది. అదే పత్రంలో వీసెంటర్ అను నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లోని వేరొక లోపానికి 9.8 వచ్చినది. చదివినవారి చూపు సహజంగా దాని మీదకే పోవును; మన లోపం దాని నీడలో పడినది.

8.8 ఎట్లు వచ్చినది? ఈ లెక్క పదవ తరగతి విద్యార్థికి కూడ అందేదే. అంకెలో రెండు భాగాలున్నవి. దాడి జరిగితే కలిగే నష్టం ఒకటి. దాడి చేయుటలోని సౌలభ్యం రెండవది. రహస్యం, స్వచ్ఛత, లభ్యత మూడూ పూర్తిగా పోయే ఈ లోపానికి నష్టభాగం 5.87. సౌలభ్యభాగం కొరకు 8.22 అను స్థిరాంకాన్ని నాలుగు గుణకాలతో గుణించాలి. దాడిలో చిక్కులు తక్కువ కనుక 0.77, ముందుగా ఏ అధికారమూ అవసరం లేదు కనుక 0.85, మరొక మనిషి ఏదో నొక్కవలసిన పని లేదు కనుక మరల 0.85. నాలుగవది దుండగుడు ఉండవలసిన తావు. ఎక్కడినుండైనా దాడి చేయగలిగితే 0.85, అదే నెట్‌వర్కులో పక్కనే ఉంటేనే చేయగలిగితే 0.62. తక్కినవి మారకుండా 0.62 వేస్తే సౌలభ్యం 2.84, 0.85 వేస్తే 3.89. నష్టభాగాన్ని కలిపితే మొత్తం 8.71, లేదా 9.76. పై దశాంశానికి పెంచగా 8.8, లేదా 9.8.

అనగా ‘ముఖ్యం’, ‘అతి తీవ్రం’ అను రెండు తరగతుల మధ్య తేడా అంతా ఒక్క ఊహ మీద నిలిచినది. దాడి చేసేవాడు అదే నెట్‌వర్కు భాగంలో ఉంటాడని ఆ ఊహ. పత్రంలోని వాక్యం కూడ అదే చెప్పుచున్నది. వాక్యం తప్పు కాదు. కాని ఆ సర్వర్ల 427వ పోర్టును ప్రపంచంలో ఎందరో నేరుగా ఇంటర్నెట్‌కు తెరచి ఉంచినారు. వారి పాలిట పక్కింటివాడు, పరదేశివాడు అను భేదమే లేదు. వారికి సరియైన అంకె 9.8. ‘మీ 427వ పోర్టు ఇంటర్నెట్‌కు తెరచి ఉన్నట్లయితే ఈ అంకె మీకు చెల్లదు’ అని పత్రంలో ఒక్క వాక్యం ఉండవలసినది. ఉష్ణోగ్రత చెప్పకుండా నీటి ఆవిరి పీడనం చెప్పిన విద్యార్థికి మార్కులు తగ్గించే ఉపాధ్యాయుడు ఇక్కడ కూడ మార్కులు తగ్గించక తప్పదు.

రెండవ దోషం: పూర్వకథ లేదు

ఈ సేవలో లోపం బయటపడుట అదే మొదలు కాదు. 2019 డిసెంబర్‌లో ఇదే ఓపెన్ ఎస్ఎల్‌పీలో మెమరీ పొర్లే లోపం కనబడినది. దాని అంకె 9.8. 2020 అక్టోబర్‌లో మరల ఇదే సేవలో, వాడి వదిలిన మెమరీని తిరిగి వాడే లోపం కనబడినది, దానికీ 9.8. ఆ రెండవసారి ఇచ్చిన సవరణ అసంపూర్ణమని తేలి, నవంబర్‌లో మరల సవరణ ఇవ్వవలసివచ్చినది. మూడవది 2021 ఫిబ్రవరిలోనిది. పదిహేను నెలలలోపున ఒకే సేవ, ఒకే పోర్టు, మూడు రంధ్రాలు.

2020 నాటి పత్రం కూడ దుండగుడు నిర్వహణ నెట్‌వర్కులో ఉంటాడనే చెప్పినది. అయినను అంకె 9.8 వేసినది. నాలుగు నెలల తరువాత దాదాపు అదే పరిస్థితికి 8.8 వేసినారు. ఏది సరియైన కొలత? ఒకే కొలబద్దతో ఒకే గుడ్డను రెండుసార్లు కొలిస్తే రెండు పొడవులు వచ్చినట్లున్నది. లెక్కవేసినవారికి ఏదో కారణం ఉండవచ్చును. అది చదువరికి చేరలేదు.

మూడు పత్రాలూ తాత్కాలిక ఉపాయంగా చూపిన సూచనపత్రం ఒక్కటే. దాని సంఖ్య 76372. దాని సారాంశం ఈ సేవను ఆపివేయమని. ఈ సంగతి గమనించినవానికి చరిత్ర అంతా అర్థమవుతుంది. కాని 2021 పత్రంలో లోపాన్ని వర్ణించిన పేరాలో ‘ఈ సేవలో ఇది మూడవసారి’ అను మాట లేదు. ఆ మాట ఉంటే చదువరి సవరణతో తృప్తిపడక, తనకు ఈ సేవ అసలు కావలెనా అని ఆలోచించేవాడు. ఒకే కుండ మూడుసార్లు కారితే మాటు వేయించుట కంటె ఆ కుండ అవసరమా అని అడుగుట వివేకం.

మూడవ దోషం: వాడని తూము తెరచి ఉండుట

ఇది పత్రం కంటె ముందున్న దోషం. వాడేవాడు కోరకుండానే ఈ సేవ నడుస్తూ ఉండేది. దానిని మూయుట యజమాని బాధ్యతగా వదిలినారు. అది ఉన్నదని కూడ ఎరుగని యజమాని దానిని ఎట్లు మూయగలడు? ఆయకట్టుకు అవసరం లేని తూమును కట్టి, తెరచి ఉంచి, మూసుకొమ్మని రైతులకు చీటీ పంపినట్లున్నది.

న్యాయంగా చెప్పవలెనంటే సంస్థ ఈ దోషాన్ని తరువాత దిద్దుకొన్నది. 2021 ఆగస్టులో వచ్చిన 7.0 యూ2సీ రూపంలోను, తరువాత వచ్చిన 8.0 రూపంలోను ఈ సేవ మొదటినుండే మూసి ఉన్నది, కావలసినవారే తెరచుకోవాలి. లోపాన్ని పూడ్చుట ఒక మెట్టు; లోపానికి తావు లేకుండా చేయుట దానికి పై మెట్టు. సంస్థ పై మెట్టు ఎక్కినది. కాని పాత రూపాలతోనే కాలం గడిపినవారికి ఆ మేలు దక్కలేదు. 6.5, 6.7 రూపాలకు సాధారణ సహాయం 2022 అక్టోబర్ 15తో ముగిసినది.

2023 నాటి పరీక్ష

2023 ఫిబ్రవరి 3న ఫ్రాన్స్ ప్రభుత్వ కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం ఈఎస్ఎక్స్ఐ సర్వర్లపై దాడులు జరుగుచున్నవని హెచ్చరించినది. దాడికి వాడిన ప్రోగ్రాముకు ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అని పేరు వచ్చినది. అది కల్పిత యంత్రాలకు సంబంధించిన ఫైళ్ళను గూఢలిపిలోకి మార్చి, విడిపించుటకు సుమారు 2 బిట్‌కాయిన్లు కోరే చీటీని వదిలేది. ఫ్రాన్స్ బృందం మన 21974వ లోపాన్నే ద్వారంగా పేర్కొన్నది. వీఎంవేర్ సంస్థ, కొత్త లోపమేదీ వాడినట్లు ఆధారం లేదని, కాలం చెల్లిన యంత్రాలపై పాత లోపాల ద్వారానే దాడులు జరుగుచున్నవని చెప్పినది. దెబ్బతిన్న ప్రతి యంత్రంలోనూ ఈ ఒక్క రంధ్రమే ద్వారమని నిర్ధారణ కాలేదు. అయినను నాటి వార్తలలో పెక్కింట అది తేలిన సత్యంగానే వచ్చినది. అనుమానాన్ని అనుమానంగా, నిర్ధారణను నిర్ధారణగా వ్రాయుట విజ్ఞాన రచనకు మొదటి నియమం. ఆ వార్తలు దానిని పాటించలేదు.

దాడిలో ఒక విచిత్రం జరిగినది. మొదటి విడతలో కల్పిత డిస్కును వర్ణించే చిన్న ఫైళ్ళు పాడైనవి గాని, అసలు సమాచారం ఉన్న పెద్ద ఫైళ్ళు చాలచోట్ల చెక్కుచెదరలేదు. పుస్తకంలోని విషయసూచికను కాల్చి, పుటలను వదిలినట్లయినది. ఇద్దరు టర్కీ నిపుణులు ఈ సంగతి గమనించి, విషయసూచికను తిరిగి వ్రాసుకొనే పద్ధతిని ప్రకటించినారు. దాని ఆధారంగా అమెరికా సైబర్ భద్రతా సంస్థ ఫిబ్రవరి 7న పునరుద్ధరణ ప్రోగ్రామును ఉచితంగా విడుదల చేసినది. వెంటనే దుండగులు పద్ధతి మార్చి, పెద్ద ఫైళ్ళలో కూడ సగం వరకు చెరుపసాగినారు. ప్రత్యర్థి పొరపాటు మీద ఆధారపడిన చికిత్స ఎక్కువకాలం నిలువదు.

రెండు పత్రాల పోలిక

ఫిబ్రవరి 8న ఆ సైబర్ భద్రతా సంస్థ, ఎఫ్‌బీఐ కలిసి వెలువరించిన పత్రాన్ని 2021 నాటి పత్రం పక్కన పెట్టి చదువుట ఉపయోగకరం. రెండవ పత్రం చదువరికి మూడు పనులు చెప్పినది. సాఫ్ట్‌వేర్‌ను తాజా రూపానికి మార్చుకొనుట; ఎస్ఎల్‌పీ సేవను ఆపివేయుట; హైపర్‌వైజర్ ఇంటర్నెట్‌కు కనబడకుండ చూచుకొనుట. మొదటి పత్రంలో ఊహగా ఉన్నది రెండవ పత్రంలో ఆదేశంగా మారినది. ‘దుండగుడు లోపలి నెట్‌వర్కులో ఉంటే’ అని మొదటిది అనుకొన్నది. ‘వాడు లోపలికి రాకుండ చూడుము’ అని రెండవది చెప్పినది. ఈ భేదం చిన్నది కాదు. ఒకటి లోపాన్ని వర్ణించే రచన. రెండవది చదువరిని కదిలించే రచన. అయితే రెండవది నష్టం జరిగిన పిమ్మట వచ్చినదని మరువరాదు. జరిగినదానిని చూచి వ్రాసినవానికి కలిగే సౌలభ్యం ముందుగా వ్రాసినవానికి ఉండదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. హెచ్చరిక పత్రాలు నిపుణుల కొరకు వ్రాసినవి. వారికి ఒక్క వాక్యం చాలును. విస్తరిస్తే ఎవరూ చదువరు అని. ఇందులో కొంత నిజమున్నది. కాని చిన్న కార్యాలయాలలో సర్వర్‌ను చూచేవాడే ప్రింటర్‌ను, కెమెరాలను, హాజరు యంత్రాన్ని కూడ చూస్తాడు. అతని ముందు నెలకు ఎన్నో హెచ్చరికలు పడుతవి. అతడు అంకెను చూచి వరుస కట్టుకొంటాడు. కాబట్టి అంకెను పెట్టినవాడే దాని షరతును కూడ అంకె పక్కనే పెట్టవలెను. అందుకు కావలసినది ఒక వాక్యమే గాని ఒక పుట కాదు.

యజమానుల దోషం లేదా అని మరొక ప్రశ్న. ఉన్నది. రెండేళ్ళపాటు సవరణ వేయకుండుట, నిర్వహణ ద్వారాన్ని వీధిలోకి తెరచి ఉంచుట క్షమింపదగినవి కావు. హైపర్‌వైజర్‌కు సవరణ వేయవలెనంటే దానిపైనున్న కల్పిత యంత్రాలన్నిటినీ ఆపవలెను, లేదా వేరొక సర్వర్‌కు తరలించవలెను. ఒకే సర్వర్ ఉన్నచోట అది పని ఆగే వ్యవహారం. అందువలన పని వాయిదా పడుతుంది, వాయిదా అలవాటవుతుంది. ఈ కష్టాన్ని గుర్తించియే తాత్కాలిక ఉపాయాన్ని ఇచ్చినారు. దానికి కల్పిత యంత్రాలను ఆపవలసిన అవసరం లేదు. ఆ ఉపాయాన్నైనా వాడనివారిని ఎవరూ సమర్థింపలేరు.

నివారణలోని వరుస

ఆ ఉపాయంలో మూడు మెట్లున్నవి. ప్రతి మెట్టుకు ఒక కారణమున్నది. నడుస్తున్న సేవను ఆపుట మొదటిది. ఫైర్‌వాల్‌లో దాని నియమాన్ని మూసివేయుట రెండవది. ఏ కారణాన సేవ మరల మొదలైనా బయటి సందేశం దానిని చేరదు. యంత్రాన్ని తిరిగి ప్రారంభించినప్పుడు సేవ తనంతట తాను లేవకుండ చేయుట మూడవది. మొదటి మెట్టుతోనే ఆగినవాడు కరెంటు పోయి వచ్చిన మరునాడు తన తలుపు తిరిగి తెరచుకొన్నదని ఎరుగడు. ఈ సేవ మీద ఆధారపడిన పర్యవేక్షక సాధనాలు ఉంటే అవి సర్వర్‌ను కనుగొనలేవు. ఆ సంగతి ముందే చూచుకోవలెను.

ఇవి ఈ ఒక్క లోపానికి. ఏ హైపర్‌వైజర్‌కైనా వర్తించే జాగ్రత్తలు వేరే ఉన్నవి. నిర్వహణ నెట్‌వర్కును తక్కిన నెట్‌వర్కునుండి వేరుచేయాలి. కల్పిత యంత్రాల నకళ్ళను ఆ సర్వర్‌కు అందని చోట దాచాలి. అదే సర్వర్‌లో దాచిన నకలు దానితోపాటే పోతుంది. ఆ నకలునుండి యంత్రాన్ని తిరిగి లేపి చూడాలి. లేపి చూడని నకలును నమ్మరాదు. సహాయం ముగిసిన రూపాలను వదలాలి. మన దేశంలో 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం ఇట్టి దాడిని గుర్తించిన 6 గంటలలోగా సెర్ట్-ఇన్ సంస్థకు తెలుపవలసి ఉన్నది. పరువు పోతుందని దాచినవాడు పొరుగువాని ప్రమాదాన్ని కూడ పెంచినవాడవుతాడు.

ఇట్టి లోపాల కథ ముగియలేదు. వీఎంవేర్ సంస్థ 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ సంస్థలో కలిసినది. 2025 మార్చి 4న ఈఎస్ఎక్స్ఐలోని మరి మూడు లోపాలను గూర్చి హెచ్చరిక వెలువడినది. అప్పటికే వాటిని దుండగులు వాడుచున్నట్లు అందులో తెలిపినారు. అవి బయటి పోర్టు ద్వారా వచ్చేవి కావు. కల్పిత యంత్రంలో అధికారం సంపాదించినవాడు అక్కడినుండి హైపర్‌వైజర్‌ను చెరుచుటకు ఉపకరించేవి. మడిలోనుండి తూము వరకు సొరంగం త్రవ్వినట్లు. 427వ పోర్టును మూసినందున ఈ దారి మూసుకుపోదు. ఒక లోపానికి చెప్పిన మందును అన్ని లోపాలకూ మందనుకొనరాదు.

తేలిన విషయం

2021 నాటి హెచ్చరిక నిజాయితీగల రచన. దానిలోని సమాచారం సరియైనది. అది చేయవలసిన పని మాత్రం అంతటా నెరవేరలేదు. ఇందుకు కొంత బాధ్యత అలసత్వం చూపిన యజమానులది. కొంత అవసరం లేని సేవను తెరచి ఉంచిన నిర్మాణానిది. కొంత, షరతును వాక్యంలో దాచి అంకెను తలకెత్తిన ఆ రచనది. ఈ మూడవ భాగాన్ని సాధారణంగా ఎవరూ లెక్కించరు.

ఉన్నత పాఠశాలలో దీనిని బోధించుటకు కంప్యూటర్ ప్రయోగశాల అవసరం లేదు. ఉపాధ్యాయులు నల్లబల్లపై 0.62, 0.85 అను రెండు సంఖ్యలను వ్రాసి, పైన చెప్పిన లెక్కను విద్యార్థులచేత చేయించవచ్చును. ఒక ఊహ మారితే ఫలితం తరగతి మారుటను వారు స్వయంగా చూస్తారు. పిమ్మట తమకు తెలిసిన ఇతర అంకెలను గూర్చి కూడ, ఇది ఏ షరతు మీద నిలిచినది అని అడుగుట నేర్చుకొంటారు. సత్యవేడులో ఆ ప్రశ్న నేర్చిన విద్యార్థి రేపు ఏ సర్వర్ ముందు కూర్చున్నా, హెచ్చరికలో 8.8 అను అంకె కనబడగానే తన యంత్రపు 427వ పోర్టు ఎవరికి తెరచి ఉన్నదో ముందుగా పోయి చూస్తాడు.